ఆపరేషన్ స్పీడ్ బూస్టర్

రైలు ఇంకా పూర్తిగా ఆగనే లేదు. గడియారాల మెకానిక్ కూలిపోయాడు.

ప్లాట్‌ఫామ్ మీద జనం కిటకిటలాడుతున్నారు. దిగేవాళ్లు దిగుతున్నారు, ఎక్కేవాళ్లు తోస్తున్నారు. ఆ సందట్లో ఎవరో గొడుగు మొన మెకానిక్ పిక్కకి ఆనించి వెళ్లిపోయారు. అంతే. చేతిలోని పెట్టె జారింది. మోకాళ్లు మడత పడ్డాయి.

ఏజెంట్ తుమ్మెద పోర్టర్ వేషంలో చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు. మెకానిక్ వచ్చి "ఈ బండి వంతెన మీద ఆగుతుందా?" అని అడగాలి. తుమ్మెద "వాన పడితే ఆగుతుంది" అనాలి. అప్పుడు పెట్టె చేతులు మారాలి. అదీ ఏర్పాటు.

"ఈ బండి వంతెన..." అన్నాడు మెకానిక్, తుమ్మెద ఒళ్లో పడి. మిగతా మాట గొంతులోనే ఉండిపోయింది.

తుమ్మెద తలెత్తి చూశాడు. గొడుగులు చాలా కనిపించాయి. వాన మాత్రం లేదు. ఎవరి వెనక పరిగెత్తాలో తెలియక, ఒళ్లో ఉన్న మనిషిని వదల్లేక, అక్కడే చతికిలబడ్డాడు. పెట్టె అప్పటికే మాయమైంది.

---

పెద్దాయన ఆఫీసు ఒక లాండ్రీ వెనక ఉంది. ముందు గదిలో నిజంగానే బట్టలు ఉతుకుతారు, నిజంగానే ఇస్త్రీ చేస్తారు, అప్పుడప్పుడు నిజంగానే కాలుస్తారు. వరసగా వేలాడే కోట్లని పక్కకి జరిపితే ఇనప తలుపు. తలుపు అవతల గూఢచారి శాఖ. అక్కడ పనిచేసే వాళ్లందరి ఒంటి మీదా సబ్బు వాసన.

"బతికాడా సార్?" అన్నాడు తుమ్మెద.

"ఊపిరి ఉంది. స్పృహ లేదు. గొడుగు మొనకి విషం." పెద్దాయన కుర్చీ చూపించాడు. "కూర్చో. సాలీడు ముఠా పని. విదేశం నుంచి కొత్తగా దిగారు. ఇది మూడోసారి. మన మనిషి ఎక్కడ దిగుతాడో మనకంటే ముందు వాళ్లకి తెలుస్తోంది."

"ఎవరో చెబుతున్నారు."

"ఎవరు? ఈ ప్లాట్‌ఫామ్ సంగతి తెలిసింది ముగ్గురికి. నేను, నువ్వు, మెకానిక్. మెకానిక్ తనని తాను పొడిపించుకోడు. నేను చెప్పలేదు."

తుమ్మెద తల దించుకున్నాడు.

"అలా మొహం వేలాడెయ్యకు. నిన్ను అనుమానిస్తే ఆ కుర్చీలో కూర్చోబెడతానా? ఒక్కటే అడుగుతా. ఎక్కడైనా రాసుకున్నావా?"

"లేదు సార్."

"దాచావా?"

"లేదు సార్. ఒట్టు."

ఆ శాఖలో చేరిన రోజున చెప్పే మొదటి మాట అదే. రాయొద్దు, దాచొద్దు. కాగితం మీద పెడితే ఎవడో చదువుతాడు. కంప్యూటర్‌లో సేవ్ చేస్తే ఎవడో తవ్వి తీస్తాడు. ఏదైనా సరే, తలలో ఉండాలి. తలతో పాటే పోవాలి. తుమ్మెద ఆ మాట ఏనాడూ దాటలేదు. దాటలేదనే అతని నమ్మకం.

"సరే, విను," అన్నాడు పెద్దాయన. "మెకానిక్ తేవలసిన దాంట్లో రెండో సగం ఈ సాయంత్రం ఒక నర్సు తెస్తోంది. థర్మామీటర్ గొట్టంలో మైక్రోఫిల్మ్. నీలం స్కార్ఫ్. చేపల రేవు, ఆఖరి పడవ. నువ్వు కలుసుకోవాలి."

"ఒంటరిగా వస్తోందా?"

"ఒంటరిగానే. ఇది మొదటిసారి ఆ అమ్మాయికి. ఆసుపత్రిలో రోగులకి సూదులు వేసుకునే పిల్లని బతిమాలి ఒప్పించాను. పడవ దిగేసరికి గొడుగు పట్టుకుని ఎవడైనా నిలబడి ఉంటే ఆ పాపం మనదే. ఊళ్లో వెల్వెట్‌ని సిద్ధంగా ఉండమన్నాను. చోటు ఆమెకీ చెప్పలేదు. నాకూ నీకూ తెలుసు. అంతే."

వెల్వెట్ పేరు వినగానే తుమ్మెద కాలర్ సర్దుకున్నాడు. ఎందుకు సర్దుకున్నాడో అతనికే తెలియదు. వెల్వెట్ డబుల్ ఏజెంట్. సాలీడు ముఠాలో ఉంటూ శాఖకి కబుర్లు చేరవేసే మనిషి. ఆకుపచ్చ మఖమల్ జాకెట్ వేసుకుని గదిలోకి వస్తే మగవాళ్లు చెప్తున్న మాట మధ్యలో మర్చిపోతారు. తుమ్మెద అయితే మొదలుపెట్టడమే మర్చిపోతాడు.

"ఇంకేమైనా అడగాలా?" అన్నాడు పెద్దాయన.

"లేదు సార్," అని లేచాడు. చేపల రేవు, ఆఖరి పడవ, నీలం స్కార్ఫ్ అని గొణుక్కుంటూ కోట్ల మధ్య నుంచి బయటపడ్డాడు.

---

అక్కడే ఉంది చిక్కు. తుమ్మెదకి ఈ మధ్య మతిమరుపు వచ్చింది.

పెద్ద జబ్బేమీ కాదు. వయసు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే రకం. కానీ గూఢచారికి మతిమరుపంటే వంటవాడికి రుచి తెలియకపోవడం లాంటిది. ఎవరికైనా చెబితే ఆ సాయంత్రమే పెన్షన్. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాడు. పని అప్పగించగానే ఇంటికి వెళ్లి, కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి, నాలుగు ముక్కలు టైప్ చేస్తాడు. సేవ్ చెయ్యడు. విండో అలా వదిలేస్తాడు. సేవ్ చెయ్యలేదు కనక దాచినట్టు కాదు. కాగితం లేదు కనక రాసినట్టూ కాదు. కరెంటు తీస్తే పోయేది, ఉన్నా లేనట్టే కదా అని అతని లెక్క.

కరెంటు తీస్తే పోతుంది కాబట్టి కంప్యూటర్ ఆపనివ్వడు. పని ముగిసినా, ఎప్పుడు ఏది కావలసి వస్తుందోనని విండో మూయడు. ఒకదాని వెనక ఒకటి, ఎన్ని విండోలో అతనికే తెలియదు. ఆ కంప్యూటర్ కొన్నప్పుడు బాగానే నడిచేది. తర్వాత ఈడ్చుకుంటూ నడిచింది. ఇప్పుడు పాకుతోంది.

తుమ్మెద ఇంటికి వచ్చేసరికి దాని ముందు అత్తగారు కూర్చుని పేకముక్కలు పేర్చుకుంటోంది. ఆవిడ కూతుర్ని చూడ్డానికి వచ్చింది. మోకాళ్ల నొప్పుల వల్ల బయటికి పోలేదు, టీవీ అంటే తలనొప్పి. ఈ ఆట ఒక్కటే ఆవిడకి కాలక్షేపం.

"అత్తయ్యగారూ, కాస్త లేస్తారా? ఆఫీసు పనుంది."

"ఒక్క రాజు దొరికితే అయిపోతుంది అల్లుడుగారూ. బాణం గుర్తు కదలడం లేదు. ఇందాకట్నుంచి పిలుస్తున్నా."

తుమ్మెద మౌస్ అందుకున్నాడు. బాణం కదల్లేదు. బల్ల మీద కొట్టాడు. కదల్లేదు. కింద పెట్టెలో ఫ్యాను రొదపెడుతోంది. ప్లాట్‌ఫామ్ మీద ఒళ్లో పడ్డ మనిషి మొహం గుర్తొచ్చింది. చేపల రేవా, చేపల బజారా అన్నది అప్పుడే తికమకపడుతోంది. అతనికి ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? మీ ఆటల వల్లే ఇది ఇలా తగలడింది! పొద్దున లేస్తే పేక, పొద్దు గూకితే అల్లికల వీడియోలు! మీరు వచ్చిన దగ్గర్నుంచే దీనికి పీడ పట్టింది!"

అన్నాక తెలిసింది, ఎంత గట్టిగా అన్నాడో. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతి నుంచి నీళ్లు కారుతున్నాయి.

"దేనికి పట్టిందండీ పీడ?" అంది. "కంప్యూటర్‌కా, మీకా?"

అత్తగారు ఆట మూసింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచింది. తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. కాసేపటికి బీరువా తెరిచిన చప్పుడు, ఆ తర్వాత బ్యాగు జిప్పు లాగిన చప్పుడు వినిపించాయి.

తుమ్మెద వినిపించనట్టు కూర్చున్నాడు. కొత్త విండో తెరిచాడు. అది తెరుచుకునేసరికి సగం మర్చిపోయి, సగం గుర్తు తెచ్చుకుని టైప్ చేశాడు. అక్షరాలు అలిగినట్టు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి.

చేపల రేవు. ఆఖరి పడవ. నర్సు. నీలం స్కార్ఫ్.

---

చేతి గడియారం గుర్రుమంది. అది గడియారమూ, రేడియో కూడా. అవతల వర్క్‌షాప్ నుంచి స్క్రూ. శాఖలో గాడ్జెట్లన్నీ ఆమె చేతి మీదే తయారవుతాయి. నోరు కూడా ఆమె పనిముట్లలో ఒకటి.

"బ్యాటరీ టెస్ట్ తుమ్మెదగారూ. వినిపిస్తోందా? అదేం రొద? మిక్సీ ముందు కూర్చున్నారా?"

"కంప్యూటర్."

"కంప్యూటరా! విమానం ఎగరబోతోందనుకున్నా. ఏం చేస్తున్నారు దాన్ని?"

"నేనేం చెయ్యలేదు. మా అత్తగారు పేకాడి పాడుచేసింది."

"పేకాటకి అంత ఫ్యాను తిరగదు సార్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్. మూడూ కలిపి నొక్కండి."

నొక్కాడు. చాలాసేపటికి టాస్క్ మేనేజర్ తెరుచుకుంది.

"మెమరీ అని ఉందా? దాని కింద ఎంత?"

"తొంభై ఏడు శాతం."

"అబ్బో, నిండు గర్భిణి. ఆ మెమరీ అన్న మాట మీదే నొక్కండి. ఎక్కువ తినేది పైకి వస్తుంది. చివర్నుంచి చదవండి. పేకాట ఎక్కడుంది?"

వెతికాడు. ఎక్కడో అడుగున, ఉందా లేదా అన్నట్టు ఉంది. ఆట మూసేశాక మిగిలిన తోక అది. దాని వాటా ఆవగింజంత. తుమ్మెద చెవులు వేడెక్కాయి.

"పాపం పెద్దావిడ," అంది స్క్రూ. "పైకి రండి."

"నోట్‌ప్యాడ్. నోట్‌ప్యాడ్. నోట్‌ప్యాడ్..." చదువుతూ పోయాడు. "ఇవి చాలా ఉన్నాయి."

"ఎవరివి?"

"నావే."

"చివరిసారి రీస్టార్ట్ ఎప్పుడు చేశారు?"

"కొన్న కొత్తలో."

అవతల స్క్రూ దగ్గింది. నవ్వు ఆపుకున్న దగ్గు. "సరే, అన్నిటికంటే పైన?"

తుమ్మెద చదివాడు. "స్పీడ్ బూస్టర్."

"సగానికి సగం అదే మింగుతోందా? అదెక్కడిది సార్? మన వర్క్‌షాప్‌ది కాదే! ఎవరిచ్చారు?"

తుమ్మెదకి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. ఒక రాయబారి ఇంట్లో విందు. వెల్వెట్ వచ్చి పక్కన నిలబడింది. ఏం మాట్లాడాలో తెలియక, ఇంట్లో కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోందని చెప్పాడు. ప్రపంచంలో ఇంకే మాటా దొరకనట్టు. ఆమె విరగబడి నవ్వి, లిప్‌స్టిక్ మూత తిప్పి లోపల్నుంచి బుల్లి పెన్‌డ్రైవ్ తీసి అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. "ఇది వెయ్యండి, గుర్రంలా పరిగెడుతుంది" అంది. ఆ రోజు ఇంటికి ఈలవేసుకుంటూ వచ్చాడు.

"తుమ్మెదగారూ? ఉన్నారా?"

"వెల్వెట్," అన్నాడు, తనకే వినిపించనంత మెల్లగా.

స్క్రూ ఈసారి నవ్వలేదు. అటువైపు కీబోర్డు టకటకలాడింది. "మీ లైను నా స్క్రీన్ మీదికి తీసుకున్నా. అది మీ మెమరీలో ఏముందో ఫొటో తీసి బయటికి పంపుతోంది సార్. సేవ్ చేసినా చెయ్యకపోయినా దానికి అనవసరం. తెరిచి ఉంటే చాలు. పాత విండోల నుంచి మొదలుపెట్టి వరసగా వస్తోంది. మళ్లీ మొదటికి పోతోంది. నిన్న మెకానిక్ విండో పంపింది."

తుమ్మెద చెవిలో తన మాటలే మోగాయి. రాయలేదు సార్. దాచలేదు సార్. ఒట్టు. పెద్దాయన మొహం మీద ఎంత ధీమాగా చెప్పాడు!

"ఇప్పుడే ఒక విండో రాశాను," అన్నాడు. "నర్సుది."

"దేవుడా."

చెయ్యి మౌస్ మీదికి పోయింది. ఎండ్ టాస్క్ అన్న మాట కనిపిస్తూనే ఉంది.

"ముట్టుకోకండి! ఇంకా దాని దాకా రాలేదు. టైముంది. మీ కంప్యూటర్ కుంటుతోంది కనక అదీ కుంటుతోంది. వినండి. ప్లగ్ పీకెయ్యొచ్చు. ఎండ్ టాస్క్ కొట్టొచ్చు. నర్సు బతుకుతుంది. ఇంకోటి కూడా చెబుతా. కరెంటు పోతే ఆ మెమరీలో ఉన్నదంతా పోతుంది. మీరేం రాశారో, ఎన్ని రాశారో, రుజువుండదు. మీ పరువు కూడా బతుకుతుంది. నేను నోరు మూసుకుంటా."

తుమ్మెద బల్ల కిందికి వంగాడు. ప్లగ్ చేతికి అందింది. వెచ్చగా ఉంది.

"కానీ సిగ్నల్ ఆగిపోయిన మరుక్షణం వెల్వెట్‌కి అనుమానం వస్తుంది," అంది స్క్రూ. "జారుకుంటుంది. రేపు ఇంకో ఊళ్లో ఇంకో మెకానిక్. మీ ఇష్టం సార్."

ప్లగ్ పట్టుకుని మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు. ఒక్క లాగు. పెద్దాయన ముందు తల దించుకోనక్కర్లేదు. వెల్వెట్ లిప్‌స్టిక్ సంగతి ఎవరికీ తెలియదు. ఈ వయసులో ఇంత మోసపోయాడని ఎవరూ నవ్వరు. లాగాలనే ఉంది. వేళ్లు బిగించాడు కూడా. అప్పుడు ఒళ్లో పడ్డ మెకానిక్ సగం మాట చెవిలో పడింది. వేళ్లు వదులయ్యాయి.

"ఇంకో దారి చెప్పు," అన్నాడు బల్ల కిందనుంచే.

"చోటు మార్చి రాయండి. అబద్ధం చోటు. అదే పంపనివ్వండి. కానీ అది నర్సు విండో చేరేలోపు రాయాలి. డీటెయిల్స్‌లోకి పోయి బూస్టర్ మీద రైట్ క్లిక్. ప్రయారిటీ. లో. దాని వంతు అందరికంటే చివరికి పోతుంది. ఇక దానికి వంతు రాకుండా కంప్యూటర్‌కి వేరే పని చెప్పాలి. బరువైన పని. వీడియోలు, ఆటలు, ఏవైనా. ఉన్నాయా?"

తుమ్మెద కళ్లు మూసుకున్నాడు.

"ఉన్నాయి," అన్నాడు.

---

స్క్రూ చెప్పినట్టు బూస్టర్ ప్రయారిటీ తగ్గించి, వెళ్లి గది తలుపు తట్టాడు. అత్తగారు మంచం అంచున కూర్చుని ఉంది. పక్కన బ్యాగు.

"అత్తయ్యగారూ... ఒక్కసారి కంప్యూటర్ దగ్గరికి రావాలి."

"నేను ముట్టుకుంటే పీడ కదా బాబూ."

"మీ వీడియోలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. అన్నీ తెరవాలి. ఆటలు కూడా. ఎన్ని ఉంటే అన్ని."

ఆవిడ కూతురి వంక చూసింది. భార్య భర్త వంక చూసింది. "ఏమండీ, మతి ఉందా? ఇప్పుడే కదా నోటికొచ్చినట్టు తిట్టారు!"

"తిట్టాను," అన్నాడు. "ఆఫీసు పని. ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది."

ఇంట్లో వాళ్ల దృష్టిలో అతను బీమా కంపెనీ ఇన్‌స్పెక్టర్.

"మీ కంపెనీ వాళ్లు మనిషి పోయాక కదా వస్తారు," అంది అత్తగారు. అని, మోకాళ్లు పట్టుకుని లేచింది. "పద."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. బాణం కదిలే దాకా కసురుకోలేదు, బల్ల మీద కొట్టలేదు. కదిలినప్పుడు నొక్కింది. స్వెట్టర్ అల్లిక. మేజోళ్ల అల్లిక. పసిపిల్లల టోపీ. ఒకదాని మీద ఒకటి వీడియోలు లేచాయి. పేక లేచింది. రంగు బంతుల ఆట లేచింది. "ఎడమ సూది కింద నుంచి దారం లాగండి" అని నలుగురు ఆడవాళ్లు నాలుగు గొంతులతో ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. ఫ్యాను కేక పెట్టింది.

"భేష్!" అంది గడియారంలో స్క్రూ. "బూస్టర్ నిలబడిపోయింది. ఎవరు సార్ ఆవిడ, మన ఆఫీసులో చేరతారేమో అడగండి!"

"మీ చేతి గడియారం మాట్లాడుతోందేమిటి అల్లుడుగారూ?"

"కంపెనీ ఇచ్చిందండీ. మీరు కాస్త లేస్తారా?"

అన్న మాటే మళ్లీ అన్నాడు. ఈసారి బతిమాలుతూ. ఆవిడ లేచింది. తుమ్మెద కీబోర్డు అందుకుని విండోలు తిప్పుకుంటూ పోయాడు. ఒక్కో విండో బద్ధకంగా ముందుకు వచ్చేది. ప్రతి దాంట్లోనూ ఎవరిదో ఒక పేరు, ఎక్కడిదో ఒక చోటు. ఇన్ని ప్రాణాలు ఇలా వాకిట్లో ఆరేసి కూర్చున్నాడా! తల పక్కకి తిప్పుకుందామంటే వీల్లేదు, చూడాలి.

"కదిలింది సార్! మొన్నటి విండో పంపేసింది. తర్వాత నిన్నటిది. ఆ తర్వాత నర్సుదే!"

నర్సు విండో వచ్చింది. బ్యాక్‌స్పేస్ నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. "రేవు" పోయింది. "చేపల" ఇంకా ఉంది.

"నిన్నటిది వెళ్తోంది. సగం వెళ్లింది."

"చేపల" కూడా పోయింది. తుమ్మెద వేళ్లు పరిగెత్తాయి. బొగ్గు గోదాం. తెర మీద ఖాళీ. ఒక్క అక్షరం లేదు.

"పడటం లేదు! ఏం కొట్టినా పడటం లేదు!"

"కొట్టకండి! చేతులు తియ్యండి! కొట్టినవి క్యూలో ఉన్నాయి. ఎక్కువ కొడితే ఉన్నదీ పోతుంది."

చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తుపాకీ గురిపెట్టినప్పుడు కదలకుండా కూర్చోవడం అతనికి నేర్పారు. ఇది అంతకంటే కష్టంగా ఉంది. నలుగురు ఆడవాళ్లు ఎడమ సూది కింద నుంచి దారం లాగుతూనే ఉన్నారు. అత్తగారు అతని కుర్చీ వెనక పట్టుకుని నిలబడి ఉంది. ఏమిటో తెలియకపోయినా ఊపిరి బిగబట్టింది.

"నిన్నటిది వెళ్లిపోయింది," అంది స్క్రూ. "నర్సుది తీస్తోంది."

బొగ్గు గోదాం అన్న మాట మొత్తం టక్కున తెర మీద పడింది. వెంటనే విండో ఒక్క రెప్పపాటు తెల్లబడి మళ్లీ మామూలైంది.

తుమ్మెద గడియారాన్ని చెవికి ఆనించుకున్నాడు.

"చదువుతున్నా," అంది స్క్రూ. "బొగ్గు గోదాం. ఆఖరి పడవ. నర్సు. నీలం స్కార్ఫ్. వెళ్లింది సార్. అబద్ధమే వెళ్లింది."

---

సాయంత్రం బొగ్గు గోదాంలో తుమ్మెద కూలీ వేషంలో బస్తాల మధ్య కూర్చున్నాడు. మొహం నిండా మసి. పైకి కనిపించని మొహం ఉన్నందుకు అతనికి ఆ రోజు హాయిగా ఉంది. బస్తాల వెనక పెద్దాయన, శాఖ మనుషులు.

ఆఖరి పడవ కూత వినిపించింది. అదే సమయానికి గేటు తోసుకుని ఆకుపచ్చ మఖమల్ జాకెట్ లోపలికి వచ్చింది. చేతిలో గొడుగు. వెనక ముఠా మనుషులు. నీలం స్కార్ఫ్ కోసం ఆమె కళ్లు నాలుగు మూలలూ వెతికాయి. స్కార్ఫ్ బదులు తుపాకులు కనిపించాయి.

గొడుగు మొన తుమ్మెద వైపు లేచింది. అతను పక్కకి దొర్లి బొగ్గు బస్తా ఆమె కాళ్ల మీదికి తోశాడు. మొన బస్తాలో దిగబడి అక్కడే విరిగింది. అంతటితో అయిపోయింది.

సంకెళ్లు వేస్తుంటే ఆమె మసి మొహాన్ని పరకాయించి చూసి, నవ్వింది.

"మీరా తుమ్మెదగారూ! ఎలా ఉంది కంప్యూటర్? గుర్రంలా పరిగెడుతోందా?"

శాఖ మనుషులందరూ విన్నారు. ఒకడు బూటు వంక చూసుకున్నాడు. ఇంకొకడు దగ్గాడు. తుమ్మెద నిలబడ్డ చోటే కుంచించుకుపోయాడు. పక్కనే అంత బొగ్గు ఉన్నా కప్పుకోవడానికి చాలదనిపించింది.

వ్యాన్ వెళ్లిపోయాక పెద్దాయన దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ విండోలు... నేనే..."

"స్క్రూ చెప్పలేదు. రేడియో రికార్డు నేనే విన్నాను." పెద్దాయన గేటు వైపు చూశాడు. "ప్లగ్ దగ్గర చాలాసేపు ఆగావు."

"అవును సార్."

"ఆగడం తప్పు కాదు. లాగితే తప్పయ్యేది. నర్సు క్షేమంగా దిగింది. నీ బదులు వేరేవాణ్ని పంపాను. మెకానిక్‌కి మెలకువ వచ్చింది. కళ్లు తెరవగానే ఏమడిగాడో తెలుసా? పోర్టర్‌కి ఏమీ కాలేదు కదా అని."

పెద్దాయన తిట్టి ఉంటే బాగుండేది. తుమ్మెద మసి చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. మొహం ఇంకా నల్లబడింది.

"రేపట్నుంచి ముందు గదిలో ఇస్త్రీ చెయ్యి. మళ్లీ పిలిచేదాకా," అన్నాడు పెద్దాయన. "ఇంటికి పోయి ఆ విండోలు మూసి రీస్టార్ట్ కొట్టు. స్క్రూ ఆ బూస్టర్‌ని తన వైపు నుంచి తీసేసింది."

---

ఇంటికి వచ్చేసరికి అత్తగారి బ్యాగు గుమ్మం పక్కన ఉంది. ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెడుతోంది. భార్య ఆటో కోసం వీధిలోకి తొంగి చూస్తోంది.

తుమ్మెద బ్యాగు దగ్గర ఆగాడు. శత్రువుల చేతుల్లో ఎన్ని దెబ్బలు తిన్నా నోరు విప్పకుండా ఉండటం అతనికి వచ్చు. విప్పడమే రాదు.

"అత్తయ్యగారూ. దాన్ని పాడుచేసింది నేను. మీ ఆట కాదు. మీ ఆట ఆవగింజంత. నేను చూశాను." ఆగాడు. "నా తప్పు మీ మీద వేశాను. అందరి ముందూ అన్నాను. క్షమించండి."

"మొహానికి ఆ మసేమిటి?"

"ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాను."

ఆవిడ చెప్పుల్లోంచి కాళ్లు తీసింది. "నీళ్లు పెట్టవే, మొహం కడుక్కుంటాడు," అంది కూతురితో. భార్య వీధి తలుపు వేసింది. బ్యాగు తీసుకుని లోపలికి నడిచింది. బ్యాగు అతన్ని తెమ్మనలేదు. అది కూడా ఒక శిక్షే అని అతనికి అర్థమైంది.

తుమ్మెద కంప్యూటర్ ముందు కూర్చుని విండోలు మూయడం మొదలుపెట్టాడు. ప్రతి దానికీ అది అడుగుతుంది, సేవ్ చెయ్యాలా అని. వద్దు. సేవ్ చెయ్యాలా? వద్దు. ఒక్కోటి మూసిన కొద్దీ ఫ్యాను రొద తగ్గుతూ వచ్చింది. మెమరీ దిగుతూ వచ్చింది. బాణం హాయిగా తిరుగుతోంది. అతని గుండె కూడా కొంచెం తేలికపడింది. ఇక ఒక్కటే మిగిలింది.

అత్తగారు టీ కప్పు పట్టుకుని వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోపంలో నేనూ వెళ్లిపోబోయాను. తాగు బాబూ. బాగైనట్టేనా?"

"అయిపోయిందండీ. ఇదొక్కటి మూస్తే..."

తెర మీదికి వచ్చిన విండోలో రహస్య స్థావరం ఏదీ లేదు. చాలాకాలం కిందట, మర్చిపోకూడదని తనకి తాను రాసుకున్న మాట ఉంది. "అత్తగారు ఆదివారం దిగుతోంది. ఎన్నాళ్లుంటుందో! ఈ లోపు ఊరు దాటే డ్యూటీ ఏదైనా వేయించుకోవాలి."

మౌస్ మీద పడి నొక్కాడు. విండో తెల్లబడింది. బాణం తిరగడం మొదలుపెట్టింది. ప్రోగ్రామ్ స్పందించడం లేదు, దయచేసి వేచి ఉండండి అంది. మాటలు మాత్రం పాలిపోయిన తెర మీద అలాగే ఉన్నాయి.

అత్తగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"తొందరేముంది అల్లుడుగారూ," అంది. "మూసుకునే లోపు చదువుకుంటాను."

పట్టుబడితే కొరికి మింగమని ఆఫీసు వాళ్లు ఇచ్చిన మాత్ర ఏ చొక్కా జేబులో పెట్టాడో తుమ్మెద గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాడు. దాని సంగతి మాత్రం ఏ విండోలోనూ రాసుకోలేదు.